చెరువు బాగుపడింది, ఎవరికి?



మా ఊరు కోలారు జిల్లా తూర్పు అంచున ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చెరువు కట్టెక్కి చూస్తే ఆంధ్రప్రదేశ్ కొండలు కనిపిస్తాయి. ఉద్యోగరీత్యా బెంగళూరులో సైన్సు మాస్టారుగా స్థిరపడినా, పండక్కీ పబ్బానికీ ఊరికి వెళ్ళడం నేను మానలేదు. కొన్నేళ్ళ క్రితం మా ఊరి చెరువుకు పూడిక తీశారు. కడుపులో పెరిగిన సీమజాలి కంపను పెరికించారు. కట్టకు మట్టి పోసి గట్టిచేశారు. చుట్టూ కంచె వేసి, లోపల నడిచేందుకు దారి వేసి, పూలమొక్కలు నాటారు. కంచె వేస్తే బాగుంటుందని సభలో లేచి చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిల్లలు నీళ్ళలో పడకుండా ఉంటారని నా ఉద్దేశం.

ఆ సంవత్సరం సంక్రాంతికి వెళ్ళినప్పుడు, మేకలు కాసుకునే ఒక అవ్వ కంచె బయట కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏం అయివారా, చెరువు బాగయిందంటనే?" అంది.

"బాగయింది అవ్వా, చూస్తివి గదా" అన్నాను.

"అవునవును. మేకలు నీళ్ళు తాగేదానికి దోవ లేకుండా బాగయింది" అంది.

ఆమె కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. చెరువు బాగుపడిందన్నది నిజం. అవ్వకు దారి మూసుకుపోయిందన్నదీ నిజమే. మరి ఈ రెండు నిజాలనూ ఒకే లెక్కలో ఎలా వెయ్యాలి? ఈ రోజు మీతో ముచ్చటించదలచిన విషయం ఇదే. పాడైన చెరువునో, అడవినో, పచ్చికబయలునో మళ్ళీ బాగుచేసే పనిని పర్యావరణ పునరుద్ధరణ అంటున్నాం. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు పదేళ్ళను ఈ పని కోసమే ప్రత్యేకించింది. డబ్బు ఖర్చవుతోంది, పనులు జరుగుతున్నాయి. అయితే ఆ పనుల వల్ల ప్రకృతికీ, మనుషుల బతుకులకూ నిజంగా ఏం ఒరిగిందో తేల్చుకోవడం ఎలా?

మాస్టారును గనక బడి నుంచే ఒక పోలిక చెబుతాను. ఒక బడికి వంద బల్లలు కొన్నారు, ఐదువందల నోటుపుస్తకాలు పంచారు, గోడలకు సున్నం వేశారు. ఇవన్నీ మంచి పనులే. కానీ పిల్లలకు చదువు వచ్చిందా అన్న ప్రశ్నకు ఇవి జవాబు కావు. చెరువు విషయంలోనూ అంతే. ఇన్ని ఘనపు మీటర్ల పూడిక తీశాం, ఇన్ని మొక్కలు నాటాం, ఇన్ని లక్షలు ఖర్చుపెట్టాం అన్నవి చేసిన పని లెక్కలు. ఊటబావిలో నీరు ఎన్ని అడుగులు పైకి వచ్చింది, నాటిన మొక్కల్లో మూడేళ్ళకు ఎన్ని బతికాయి, కూలివాడికి ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికింది అన్నవి ఫలితం లెక్కలు. మన నివేదికల్లో మొదటి రకం లెక్కలు పుష్కలంగా ఉంటాయి. రెండో రకం కోసం వెతుక్కోవాలి.

ఫలితం తెలియాలంటే ముందుగా, పని మొదలుపెట్టక మునుపు పరిస్థితి ఏమిటో రాసిపెట్టుకోవాలి. జ్వరం తగ్గిందని చెప్పాలంటే నిన్న ఎంత ఉందో తెలియాలి కదా! బెంగళూరు చెరువుల సంగతి చూడండి. ఈ నగరం ఎత్తైన మిట్ట మీద ఉంది. ఇక్కడ పడిన వాన ఒక పక్క హెబ్బాళ లోయలోకీ, ఇంకో పక్క కోరమంగళ–చల్లఘట్ట లోయలోకీ, మరో పక్క వృషభావతి లోయలోకీ జారిపోతుంది. పెద్ద నది లేని ఊరు కాబట్టి, ఆ జారే నీటిని ఆపేందుకు పూర్వులు ఒక చెరువు మరవ నుంచి ఇంకో చెరువులోకి నీళ్ళు దిగేలా గొలుసుగా చెరువులు కట్టారు. వాటిని కలిపే రాజకాలువలు తవ్వారు. నగరం పెరిగేకొద్దీ ఆ గొలుసు తెగింది. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట ఈ రోజు కెంపేగౌడ బస్ స్టాండు ఉంది. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ క్రీడామైదానం ఉంది. 1980 దశకంలో లక్ష్మణరావు సంఘం, మిగిలిన చెరువులనైనా కాపాడుకోవాలని ప్రభుత్వానికి సిఫారసులు చేసింది. ఆ తరువాత చాలా చెరువులను బాగుచేశారు. కానీ బాగుచేయకముందు ఆ నీటిలో ఏముంది, ఏ చేపలుండేవి, ఎవరు దాని మీద ఆధారపడి బతికేవారు అన్న వివరాలు చాలాచోట్ల ఎవరూ రాసిపెట్టలేదు. అందువల్ల ఎంత మేలు జరిగిందో చెప్పడం ఇప్పుడు కష్టమవుతోంది.

ఇక, కంటికి కనిపించే అందాన్ని ఆరోగ్యమని పొరబడకూడదు. 2016 మార్చిలో బెంగళూరు నడిబొడ్డున ఉన్న హలసూరు చెరువులో వేలకొద్దీ చేపలు చచ్చి తేలాయి. అది పడవలు తిరిగే చెరువు, చుట్టూ చక్కని దారి ఉన్న చెరువు. మరి చేపలకేమయింది? చేపలు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చుకునే జీవులు. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములైనా ఉండాలని మన దేశంలో చేపల నీటికి ప్రమాణం. మురుగు కలిసినప్పుడు, ఆ మురుగును తినే సూక్ష్మజీవులు లెక్కకు మించి పెరిగి, ప్రాణవాయువునంతా అవే వాడేసుకుంటాయి. చేపకు ఊపిరాడదు. పైకి నీళ్ళు నిండుగానే ఉంటాయి. సుమారు 900 ఎకరాల బెళ్ళందూరు చెరువు సంగతి మీరు వినే ఉంటారు. 2015లోనూ 2017లోనూ ఆ చెరువు మీద మంటలు లేచాయి. నీటి మీద నిప్పు! సామెతలకు కూడా అందని సంగతి అది.

దీనికి ఎదురుగా, ఉత్తర బెంగళూరులో జక్కూరు చెరువు ఉంది. అక్కడ చెరువు పైతట్టున మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం ఒకటి పెట్టారు. మొదట్లో దాని సామర్థ్యం రోజుకు కోటి లీటర్లు. శుద్ధి అయిన నీళ్ళు నేరుగా చెరువులోకి వెళ్ళవు. జమ్ము వంటి నీటిమొక్కలు పెంచిన చిత్తడినేల గుండా మెల్లగా సాగి వెళతాయి. మిగిలిపోయిన నత్రజని, భాస్వరం వంటివి ఎరువుగా ఆ మొక్కలు పీల్చుకుంటాయి. అక్కడి నుంచి తేరిన నీరు చెరువులో చేరుతుంది. ఆ చెరువులో చేపలు పట్టి బతికేవారున్నారు, గడ్డి కోసుకునేవారున్నారు, పిట్టలను చూడటానికి వచ్చేవారూ ఉన్నారు. ఇందులో గ్రహించవలసింది ఏమిటంటే, చెరువు ఆరోగ్యం కట్ట మీద తేలేది కాదు, చెరువులోకి వచ్చే కాలువ దగ్గర తేలేది. పూడిక ఎంత తీసినా, వచ్చే నీరు చెడ్డదైతే ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

పచ్చగా కనిపించేదంతా పునరుద్ధరణేనా? ఈ ప్రశ్నకు మన కోలారు జిల్లాయే ఒక పాఠం. నీలగిరి చెట్టు మనకు కొత్తది కాదు. టిప్పు సుల్తాను కాలంలోనే నంది కొండ మీద నాటారని చెబుతారు. కానీ పొలాల్లోకి అది దండుగా వచ్చింది సామాజిక అడవుల పథకం రోజుల్లో. బంజర్లు పచ్చబడాలి, పల్లెకు వంటచెరకు దొరకాలి అన్నది ఆ పథకం ఉద్దేశం. మొక్కల సంఖ్య చూస్తే ఘనవిజయం. 1981లో వందనా శివ, శరత్‌చంద్ర, జయంత బంద్యోపాధ్యాయ అనే ముగ్గురు పరిశోధకులు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ తరఫున కోలారు జిల్లాలో ఈ పథకం ఫలితాలను పరిశీలించారు. వారు మొక్కలను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఆ మొక్కలు ఏ నేలలో లేచాయి, అంతకుముందు ఆ నేలలో ఏముండేది అని అడిగారు. జవాబు ఏమిటంటే, బంజరు కాదు, రాగి చేలు. రాగి పైరుంటే విత్తడానికి, కలుపు తీయడానికి, కోయడానికి, నూర్చడానికి కూలీలు కావాలి. అందులోనే అనుములు, కందులు సాళ్ళు వేస్తారు. పశువుకు మేత వస్తుంది. నీలగిరికి అవేమీ అక్కర్లేదు. ఒకసారి నాటితే, మళ్ళీ నరికే రోజు వరకు మనిషితో పని లేదు. కలప మిల్లుకు పోతుంది. భూమి ఉన్నవాడికి నష్టం లేదు. కూలివాడికి పని పోయింది, రాగిముద్ద ఖరీదయింది, పశువుకు మేత కరువైంది. ఇక నీటి సంగతి. వేరు లోతుకు పోయే ఆ చెట్టు నేలలోని చెమ్మను ఎంత లాగేస్తుందన్న విషయం మీద వాదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. చూడండి, 1981లో అడిగిన ప్రశ్నకు ముప్ఫై ఆరేళ్ళకు తీర్పు వచ్చింది.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. చైనాలో 1999లో ఒక పెద్ద కార్యక్రమం మొదలైంది. వాలు నేలల్లో సేద్యం మానేసి చెట్లూ గడ్డీ పెంచే రైతులకు ప్రభుత్వం ధాన్యమూ డబ్బూ ఇచ్చింది. పచ్చదనం బాగా పెరిగింది, పసుప్పచ్చ నదిలోకి కొట్టుకుపోయే మట్టి తగ్గింది. అది నిజమైన మేలు. అయితే వానలు తక్కువగా ఉండే లోయెస్ పీఠభూమిలో చెట్లు తాగే నీరు ఇంకా పెరిగితే మనుషుల అవసరాలకు నీరు చాలదని 2016లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. వానకు తగిన చెట్టు ఉండాలి. మన రాగి రైతుకు ఇది కొత్త మాట కాదు.

శ్రోతలారా, ఇప్పుడు అందరికీ దగ్గరి సంగతికి వస్తాను. కోలారు చెరువుల్లోకి వచ్చిన బెంగళూరు నీళ్ళ గురించి మన ఇళ్ళలో, రచ్చబండల దగ్గర, బస్సుల్లో మాట్లాడుకోని రోజు ఉండదు. కావేరి నీరు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి బెంగళూరుకు వస్తుంది. వాడుకున్నాక మురుగవుతుంది. కోరమంగళ–చల్లఘట్ట లోయలోని ఆ మురుగును శుద్ధిచేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల వరకు గొట్టాల ద్వారా కోలారు జిల్లాకు ఎక్కించి, 126 చెరువులు నింపాలన్నది కె.సి. వ్యాలీ పథకం. ఖర్చు వెయ్యి కోట్ల రూపాయలకు పైమాటే. ఆ నీళ్ళు తాగడానికి కావు, నేరుగా పైరుకు పెట్టడానికీ కావు. చెరువులో నిలిచి నేలలోకి ఇంకి, భూగర్భజలం పెరగాలన్నది ఉద్దేశం. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు మొదటిసారి నీళ్ళు చేరాయి. ఎండి పగిలిన చెరువులో నీళ్ళు చూసి జనం పూజలు చేశారు. మరుసటి నెలలోనే ఆ నీటి మీద నురుగు లేచింది. విషయం హైకోర్టుకు వెళ్ళి, సరఫరా ఆగింది. తరువాత మళ్ళీ మొదలైంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, ఏప్రిల్‌లో ఆ స్టే తొలగించింది.

ఈ పథకం మంచిదా చెడ్డదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఒక్క మాటలో జవాబు చెప్పేవాణ్ణి నమ్మవద్దంటాను. దాన్ని కూడా అంశాలవారీగా తూచాలి.

మొదటిది, నీటిమట్టం. నీళ్ళు చేరిన చెరువుల చుట్టుపక్కల భూగర్భజలం పెరిగిందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు తెలిపారు. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసి, అప్పుల పాలైన జిల్లాకు ఇది చిన్న సంగతి కాదు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. 2021 నవంబరులో మన ప్రాంతంలో భారీ వానలు కురిశాయి. పథకం నీళ్ళు రాని చెరువులు కూడా మరవ పారాయి. మరి బావిలో పెరిగిన నీటిలో వాన వాటా ఎంత, పథకం వాటా ఎంత? దీనికి ఒక తేలికైన ఉపాయం ఉంది. ఉదాహరణకు, పథకం నీళ్ళు వచ్చిన ఊళ్ళో బావి నీరు 12 అడుగులు పైకి వచ్చిందనుకుందాం. అదే రకం నేల, అదే వాన ఉండి, పథకం నీళ్ళు రాని పక్క ఊళ్ళో 8 అడుగులు వచ్చిందనుకుందాం. అప్పుడు పథకం ఖాతాలో వేయదగింది 4 అడుగులే. మిగతా 8 అడుగులు వానదేవుడివి. ఇలా పక్క ఊరితో పోల్చకుండా చెప్పే లెక్క సగం లెక్కే. పంట ఆదాయానికైనా, పాల దిగుబడికైనా ఇదే పద్ధతి.

రెండోది, నీటి గుణం. మురుగును శుద్ధిచేయడంలో మూడు మెట్లుంటాయి. మొదటి మెట్టులో మడ్డి పేరుకుంటుంది. రెండో మెట్టులో సూక్ష్మజీవులు మురుగును తినేస్తాయి. మూడో మెట్టులో మిగిలిన పోషకాలను, రోగక్రిములను తీసివేసే వడపోత జరుగుతుంది. కె.సి. వ్యాలీ నీళ్ళు రెండో మెట్టు వరకు శుద్ధిచేసి పంపాలన్న లెక్కతో మొదలయ్యాయి. మూడో మెట్టు కూడా ఉండాలన్నది జిల్లాలోని నీటి ఉద్యమకారుల పట్టు. ఇది ఊరికే వాదన కాదు. నేల ఒక వడపోత సంచి వంటిది, కొంతవరకే పట్టగలదు. అందుకే చెరువు నీటినే కాక, చుట్టూ ఉన్న బోర్ల నీటినీ, మట్టినీ, ఆకుకూరలనూ ఏటా పరీక్ష చేయించాలి. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మన జిల్లాలో ముందునుంచీ ఉన్న ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రెండు అంకెలూ మీరు గుర్తుంచుకోండి, పరీక్ష కాగితం చేతికొచ్చినప్పుడు పనికొస్తాయి.

మూడోది, ఎవరికి దక్కింది అన్న ప్రశ్న. భూగర్భజలం పెరిగితే మొదట లాభపడేది మోటారు ఉన్నవాడు. బోరు లేని చిన్నరైతు సంగతేమిటి? భూమే లేనివాడి సంగతేమిటి? టమోటా తోటలు పెరిగి, ఊళ్ళోనే కూలి దొరికి, తెల్లవారుజామున బంగారుపేటలో రైలెక్కి బెంగళూరుకు పోయేవాడు ఊళ్ళోనే నిలిస్తే, అది భూమి లేనివాడికి దక్కిన మేలు. ఆడవాళ్ళు బిందెతో నడిచే దూరం తగ్గితే అదీ మేలే. అలా కాక, నీళ్ళొచ్చాయి గదా అని ఇంకో వంద బోర్లు వేసి, నీళ్ళు ఎక్కువ తాగే పంటలు వేస్తే, పదేళ్ళకు మళ్ళీ మొదటికే వస్తాం. నీరు పెరగడం ఒక ఎత్తు, పెరిగిన నీరు నిలవడం ఇంకో ఎత్తు.

నాలుగోది, దిగువ ఊళ్ళు. బెళ్ళందూరు నీళ్ళు వర్తూరు చెరువు దాటి దక్షిణ పినాకినిలో కలిసి, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి చేరతాయి. ఆ నీటిలో కొంత మన వైపు ఎక్కించినప్పుడు అక్కడి రైతుకు తగ్గింది నీరా, మురుగా? రెండూ లెక్కకు రావాలి. అలాగే మన జిల్లాలో పారే పాలారు కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు పోతుంది. పై చెరువులో మనం ఏం కలిపితే కింద వాళ్ళకు అదే పోతుంది, పైన మనం ఎంత ఆపితే కింద అంత తగ్గుతుంది. 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఈ నదుల గురించి ఒప్పందం రాసుకున్నాయంటే, ఆ కాలంలోనే ఈ చిక్కు ఎంత ముదిరిందో ఊహించుకోండి. సరిహద్దు మనుషులం మనం. అక్క కూతురు అవతల, తమ్ముడి పొలం ఇవతల. లెక్క రాసేటప్పుడు జిల్లా ఎల్ల దగ్గర గీత గీసి ఆగిపోతే, ఆ లెక్క మన చుట్టాలనే వదిలేస్తుంది.

ఐదోది, కాలం. చెరువు పని పూర్తయిన రోజున తీసిన ఫోటో ఫలితం కాదు. అయిదేళ్ళ తరువాత కాలువ పూడకుండా ఉందా, తూము తెరిచి మూసే నీరుగంటికి ఏదైనా ముడుతోందా, నీళ్ళెక్కించే మోటార్ల కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో వేల చెరువుల పూడిక తీసినప్పుడు, ఆ ఒండ్రుమట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. పూడిక తీసిన మేలు చెరువుకు, మట్టి బలం పొలానికి. ఒక పనికి రెండు ఫలితాలు. అయితే మట్టి తోలడానికి ట్రాక్టరు బాడుగ పెట్టుకోగలిగినవాడికే ఆ రెండో ఫలితం. ఆ మట్టి బలం ఎన్నేళ్ళుంటుంది, చెరువు మళ్ళీ పూడకుండా పైనుంచి వచ్చే మట్టిని ఎవరు ఆపుతారు అన్నవి కూడా కాలంతో తేలవలసినవే.

ఇంతకీ అవ్వ ప్రశ్న ఏమయింది అంటారా? దానికి జవాబు నాకు బెంగళూరులోనే దొరికింది. సర్జాపురం రోడ్డు పక్కన కైకొండ్రహళ్ళి చెరువుంది. సుమారు 48 ఎకరాలు. ఎండి, చెత్తకుప్పగా మారుతున్న ఆ చెరువును చుట్టుపక్కలవాళ్ళు, నగరపాలికె కలిసి 2011 నాటికి ఒక రూపానికి తెచ్చారు. చెరువును ఆనుకుని ప్రభుత్వ పాఠశాల ఉంది, ఆ పిల్లలను కలుపుకున్నారు. పశువుల మేతకు గడ్డి కోసుకునేవారిని తరిమివేయలేదు, వారికీ చోటిచ్చారు. బెంగళూరు చెరువుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన హరిణి నాగేంద్ర వంటి పరిశోధకులు చెప్పేదీ ఇదే. చాలా చెరువులను బాగుచేసేటప్పుడు నడకకు వచ్చేవారి కోసం దారులు వేశారు. చాకలివారు, పశువుల కాపరులు, చేపలవాళ్ళు, ఆకుకూరలు ఏరుకునేవాళ్ళు మెల్లగా బయటికి జరిగిపోయారు. చెరువు పక్కన స్థలాల ధరలు పెరిగాయి. చెరువు అందం పెరిగితే లాభపడినవాడు ఒకడు, అందులో బతికినవాడు ఇంకొకడు. ఈ నష్టం ఏ రికార్డులోనూ కనిపించదు. ఎందుకంటే వాళ్ళకు చెరువు మీద పట్టా లేదు, అలవాటు మాత్రమే ఉంది. తరతరాల అలవాటుకు కాగితం ఉండదు కదా!

ఆ మాట అర్థమయ్యాక నేను ఊరికి వెళ్ళి, కంచె వేయమన్న నోటితోనే దాన్ని ఒకచోట తెరవమని అడిగాను. నాలుగు మాటలు పడ్డాను కూడా. "అప్పుడు నువ్వే కదప్పా వెయ్యమంటివి" అన్నారు. నిజమే, ఒప్పుకున్నాను. చివరికి తూముకు దూరంగా, నీళ్ళు పారే కాలువకు అడ్డం కాకుండా, రాళ్ళు పరిచిన వాలు దారి ఒకటి పశువులకోసం వదిలారు. పిల్లలకు ప్రమాదమని నేను భయపడిన చోట కంచె అలాగే ఉంది. అవ్వ మేకలు ఇప్పుడు ఆ దారినే దిగుతాయి. ఆ చిన్న సవరణకు అయిన ఖర్చు పూలమొక్కల ఖర్చుకన్నా తక్కువ. ముందే అడిగి ఉంటే అదీ అయ్యేది కాదు.

అందుకే శ్రోతలారా, మీ ఊళ్ళో చెరువు పనో, వనం పనో మొదలవుతుందంటే, ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. అందులో అయిదు పేజీలకు అయిదు పేర్లు పెట్టండి. నీరు, నేల, జీవాలు, బతుకుతెరువు, దిగువ ఊరు. మొదటి పేజీలో, ఊరి బావిలో తాడుకు రాయి కట్టి దించి, నీరు ఎన్ని మూరల లోతులో ఉందో నెలకొకసారి రాయండి. బడిపిల్లలకు అప్పజెబితే వాళ్ళు మనకన్నా శ్రద్ధగా రాస్తారు, ఇది నా అనుభవం. పని జరగని పక్క ఊరి బావి కొలత కూడా ఎదురుగా రాయండి. రెండో పేజీలో, ఏ నేలలో ఏ పైరుండేది, ఇప్పుడేముంది. మూడో పేజీలో చేపలు, కప్పలు, కొంగలు, నాటిన మొక్కల్లో బతికినవి. నాలుగో పేజీలో, చెరువును నమ్ముకుని బతికే ప్రతి ఇంటినీ పేరుపేరునా రాయండి. పట్టా ఉన్నా లేకున్నా రాయండి. ఐదో పేజీలో, మన మరవ నీళ్ళు ఎవరి చెరువుకు పోతాయో, ఆ ఊరివాళ్ళు ఏమంటున్నారో. పని మొదలుకాక మునుపు ఒకసారి, పని అయిన ఏడాదికి ఒకసారి, అయిదేళ్ళకు ఒకసారి రాయండి. ఆ పుస్తకం పట్టుకుని గ్రామసభలో నిలబడితే, మీ మాటకు ఉండే బరువు వేరు. ఎంత ఖర్చయిందో వాళ్ళు చెబుతారు, ఏం మిగిలిందో మీరు చెప్పండి.

పెద్ద సంస్థలు ఉపగ్రహాల చిత్రాలతో, ప్రయోగశాలలతో లెక్కలు వేస్తాయి. వాటి అవసరం ఉంది. కానీ మేకల దోవ మూసుకుపోయిందన్న సంగతి ఉపగ్రహానికి కనిపించదు. అది అవ్వే చెప్పాలి. ఆమె చెప్పేదాకా ఆగకుండా, పని మొదలుకాక ముందే మనం వెళ్ళి అడగాలి.